విజయా నాగిరెడ్డి గారి నిర్మాణ పద్ధతి: బ్యానర్లు, నెలజీతాలు, రెండు భాషల షూటింగ్ గురించి వివరాలు కావాలి

సీమ_రాతగాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం సావనీర్ కోసం బి. నాగిరెడ్డి గారి మీద నాలుగు పేజీల వ్యాసం రాస్తున్నాను. జీవిత విశేషాలు దొరికాయి. 1912 డిసెంబరు 2న కడప జిల్లా పొట్టిపాడులో పుట్టడం, మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్, 1947 జులైలో చందమామ, 1950లో షావుకారుతో విజయా వారి మొదటి సినిమా, 1972లో విజయా హాస్పిటల్, తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం అధ్యక్ష పదవి, 1986 సంవత్సరానికి ఫాల్కే అవార్డు, 2004 ఫిబ్రవరి 25న మరణం. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. నాకు కావలసింది ఆయన పని నడిపిన తీరు.

వాహినీ, విజయా, విజయా-వాహినీ అని రకరకాలుగా కనిపిస్తున్నాయి, ఏ సినిమా ఎవరిది? నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు పని ఎలా పంచుకున్నారు? నటులకి, సాంకేతిక నిపుణులకి నెలజీతాలు ఇచ్చేవారంటారు, అది లెక్కలో ఎలా గిట్టుబాటయింది, ఎందుకు ఆగింది? ఒకే సెట్లో తెలుగు, తమిళం రెండూ తీయడం అంటే రోజువారీ పనిలో ఏం చేసేవారు? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాటలపుస్తకం

బ్యానర్ల సంగతి ముందు తేల్చుకోండి, వ్యాసంలో వచ్చే తప్పుల్లో సగం అక్కడే పుడతాయి.

బి.ఎన్. రెడ్డి అంటే బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి గారు, అన్నగారు, దర్శకులు. నాగిరెడ్డి గారు తమ్ముడు, నిర్మాత. ఇద్దరికీ ఫాల్కే వచ్చింది (అన్నగారికి 1974 సంవత్సరానికి), ఇద్దరి పొడి అక్షరాలూ కలుస్తాయి, అందుకే ఒకరి ఫొటో కింద ఇంకొకరి పేరు పడుతూ ఉంటుంది. సావనీర్లో ఫొటో వేసేముందు ఇది తప్పక చూడండి.

వాహినీ పిక్చర్స్ బి.ఎన్. గారు, మూలా నారాయణస్వామి గారు పెట్టిన సంస్థ. వందేమాతరం (1939), సుమంగళి, దేవత, భక్త పోతన, స్వర్గసీమ, యోగి వేమన, గుణసుందరి కథ, మల్లీశ్వరి, పెద్దమనుషులు, బంగారుపాప ఇవన్నీ వాహినీవి. వీటికి నాగిరెడ్డి గారిని నిర్మాతగా రాయకూడదు. వాహినీ తొలి చిత్రాల ప్రచారం పని ఆయన చూశారు, అది వేరే సంగతి. ఎక్కువమంది తడబడేది మల్లీశ్వరి దగ్గర. పాతాళభైరవి కూడా 1951లోనే వచ్చింది, రెండింట్లోనూ ఎన్.టి. రామారావు గారే కథానాయకుడు, అన్నదమ్ముల సంస్థలు. కానీ మల్లీశ్వరి వాహినీ, పాతాళభైరవి విజయా.

వాహినీ స్టూడియో మళ్ళీ వేరే. వడపళనిలో మూలా వారి పెట్టుబడితో, బి.ఎన్. గారి ఆలోచనతో లేచింది. నాగిరెడ్డి గారు దాన్ని మొదట లీజుకి తీసుకుని, తర్వాత సొంతం చేసుకున్నారు. అప్పటి నుంచి విజయా-వాహినీ. ఇక్కడ బయటి నిర్మాతలు అద్దెకి ఫ్లోర్లు (షూటింగ్ హాళ్ళు) తీసుకుని వందల సినిమాలు తీశారు. కాబట్టి టైటిల్స్‌లో స్టూడియో పేరు కనిపించినంత మాత్రాన ఆ సినిమా నాగిరెడ్డి గారిది కాదు. "నిర్మాత" లేదా "నిర్మాతలు" అని వేసిన కార్డు చూడాలి.

విజయా ప్రొడక్షన్స్ తెలుగు సినిమాల్లో మీకు అవసరమయ్యేవి: షావుకారు (1950), పాతాళభైరవి (1951), పెళ్ళిచేసి చూడు (1952), చంద్రహారం (1954), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), అప్పుచేసి పప్పుకూడు (1959), జగదేకవీరుని కథ (1961), గుండమ్మ కథ (1962), సత్య హరిశ్చంద్ర (1965), ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968), గంగ మంగ (1973). పెళ్ళినాటి ప్రమాణాలు, శ్రీకృష్ణార్జున యుద్ధం పాతాళభైరవి, మాయాబజార్ దర్శకుడు కె.వి. రెడ్డి గారి సొంత సంస్థ జయంతి పిక్చర్స్‌వి. దర్శకుడు ఒకరే, రచయిత పింగళి గారే అయ్యేసరికి వాటిని కూడా విజయా పద్దులో వేసేస్తుంటారు.

సరిచూసుకోవడానికి నమ్మకమైన వరస ఇది. మొదట ప్రింటు టైటిల్స్. అవి కత్తిరించి ఉంటే ఆ కాలం పాటల పుస్తకం. హాల్లో అమ్మిన ఆ చిన్న పుస్తకంలో సంస్థ, నిర్మాత, సాంకేతిక వర్గం, కథాసంగ్రహం ఉంటాయి. ఆ తర్వాత విడుదల వారపు పత్రికా ప్రకటన. యూట్యూబ్ వీడియో కింద రాసిన వివరణని మాత్రం ఆధారంగా తీసుకోకండి. వీడియో హక్కులు కొన్న కంపెనీ పేరే అక్కడ నిర్మాతగా వెలుగుతూ ఉంటుంది.

స్టాప్‌వాచ్

పని పంపకం గురించి. ఒక్క మాటలో చెప్పాలంటే కథ గది చక్రపాణి గారిది, మిగతా ఆవరణ అంతా నాగిరెడ్డి గారిది. కానీ ఆ ఒక్క మాటతో వదిలేస్తే విజయా అర్థం కాదు.

చక్రపాణి గారి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. తెనాలి మనిషి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో చికిత్సకి ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలలు తెలుగు చేశారు. ధర్మపత్ని (1941)కీ, స్వర్గసీమ (1945)కీ రాశారు. అంటే విజయా మొదలయ్యేనాటికే ఆయన చేయి తిరిగిన రచయిత. నాగిరెడ్డి గారు ప్రెస్ నుంచి వచ్చారు. అచ్చుపనిలో ఒక నియమం ఉంది: ప్రూఫు దిద్దాకే ఫారం మిషనెక్కాలి, మిషనెక్కాక దిద్దితే కాగితం దండగ. విజయా సినిమాలు తయారైన విధానం అచ్చంగా ఇదే. ఖర్చు మొదలయ్యేది ఫ్లోర్ మీద, కాబట్టి తప్పులు పట్టుకోవలసింది కాగితం మీద.

కథాచర్చలో కూర్చునేవాళ్ళంతా సంస్థ మనుషులే. దర్శకుడు, రచయిత, కెమెరా మార్కస్ బార్ట్లే, కళ మాధవపెద్ది గోఖలే, కళాధర్. కథలో ఒక మాయ అనుకోగానే అది కెమెరాలో అవుతుందా, సెట్ ఎంత వెడల్పు కావాలి అన్నది అదే గదిలో తేలిపోయేది. పాతాళభైరవికీ, మాయాబజార్‌కీ పింగళి నాగేంద్రరావు గారు అంత ధైర్యంగా మాయలు రాయగలిగారంటే ఈ ఏర్పాటు వల్లే.

కె.వి. రెడ్డి గారు సీన్లకి స్టాప్‌వాచ్ పెట్టేవారన్న మాట వినే ఉంటారు. అది చాదస్తం కాదు, ఫిల్ము లెక్క. 35 ఎం.ఎం.లో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాల పైచిలుకు. అరవై సీన్లున్న సినిమాలో సీనుకి 20 సెకన్లు పెరిగితే మొత్తం 20 నిమిషాలు, 1800 అడుగులు. ఒక్కో షాట్ సగటున నాలుగు టేకులనుకుంటే 7200 అడుగుల నెగెటివ్ అదనంగా కాలుతుంది. పైగా ఎడిటింగ్‌లో ఆ ఇరవై నిమిషాలూ కోయాలి, అంటే వేసిన సెట్టు, నటుల కాల్షీట్లు, లాబ్ ఖర్చు అన్నీ చెత్తబుట్ట పాలు. అందుకే సీను చదివించి, నటించి చూపించి, గడియారం పెట్టి నిడివి ముందే కట్టేవారు.

ఆ జాగ్రత్త వెనక యుద్ధకాలం అనుభవం కూడా ఉంది. 1943లో ముడి ఫిల్ము కరువు వల్ల ప్రభుత్వం కథాచిత్రాల నిడివిని 11,000 అడుగులకి కట్టడి చేసింది, అంటే రెండు గంటల రెండు నిమిషాలు. మూడు గంటల సినిమాకి అలవాటుపడ్డ పరిశ్రమకి అది గట్టి దెబ్బ. వాహినీలో పెరిగినవాళ్ళు అడుగుల్లో ఆలోచించడం అప్పుడే నేర్చారు.

గుండమ్మ కథని గమనించండి. కన్నడలో విఠలాచార్య తీసిన మనె తుంబిద హెణ్ణు (1958) దానికి మూలం. డి.వి. నరసరాజు గారు మాటలు రాశారు, పౌరాణికాల పేరున్న కమలాకర కామేశ్వరరావు గారికి దర్శకత్వం ఇచ్చారు. సాంఘికం ఆయనకి ఎందుకు అని అప్పట్లో సందేహం. స్క్రిప్టు కాగితం మీద పూర్తిగా బిగిసి ఉంది కాబట్టే ఆ నిర్ణయం తీసుకోగలిగారు. నిర్మాత దర్శకుణ్ణి ఎంచుకోవడం అంటే ఇది, పేరు చూసి కాదు, పని ఎంత మిగిలి ఉందో చూసి.

వడపళని_ఫ్లోర్

నెలజీతాల లెక్కకి వస్తాను. దీన్ని ఉదారత అని రాయకండి. ఉదారత ఉందేమో గానీ, పద్ధతి నిలబడింది వ్యాపార లెక్క మీద.

అద్దె ఫ్లోర్లో తీసే నిర్మాతకి ప్రతి కాల్షీటూ ఖర్చే. ఎనిమిది గంటల్లో షాట్లు పూర్తి చేయకపోతే రేపు మళ్ళీ అద్దె. స్టూడియో యజమానికి అలా కాదు. కరెంటువాళ్ళు, వడ్రంగులు, మేకప్, కెమెరా, కళ, అందరి జీతాలూ సినిమా ఉన్నా లేకపోయినా ఇవ్వాలి. ఫ్లోర్ ఖాళీగా ఉన్న రోజే నష్టం. కాబట్టి రెండు పనులు ఒకేసారి జరగాలి: బయటివాళ్ళకి అద్దెకిచ్చి ఫ్లోర్లు నిండా ఉంచుకోవడం, మధ్యలో దొరికిన సమయంలో సొంత సినిమా తొందర లేకుండా తీసుకోవడం. నాగిరెడ్డి గారి ప్రతిభ ఇక్కడ ఉంది. ఒక పక్క ప్రెస్, పత్రికలు, ఇంకో పక్క స్టూడియో అద్దెలు. సొంత సినిమా ఒకటి దెబ్బతిన్నా జీతాలు ఆగవు. చంద్రహారం ఆడలేదు, బాగా ఖర్చుపెట్టిన సినిమా అది. మరుసటి సంవత్సరమే మిస్సమ్మ, ఆ తర్వాత మాయాబజార్. ఒక్క సినిమా మీద బతికే నిర్మాత అయితే చంద్రహారంతోనే దుకాణం మూసేవాడు.

ట్రిక్ షాట్లకి ఈ పద్ధతి ప్రాణం. ఆ రోజుల్లో చాలావరకు కెమెరాలోనే చేసేవారు. లెన్సు ముందు నల్లటి మాస్క్ పెట్టి ఫ్రేములో సగమే ఎక్స్‌పోజ్ చేయాలి. కౌంటర్ చూసి, లెన్సు మూసి, ఫిల్మును అన్నే ఫ్రేములు వెనక్కి తిప్పాలి. మాస్క్ రెండోవైపు మార్చి మళ్ళీ తీయాలి. ఈ మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు దగ్గర గోడ వణుకుతుంది. ఆర్క్ లైటు వెలుగు కొంచెం తగ్గితే ఫ్రేము రెండు ముక్కల్లా కనిపిస్తుంది. నటుడు చెయ్యి గీత దాటిస్తే ఆ చెయ్యి మాయమవుతుంది. ఇది కుదిరిందా లేదా అన్నది నెగెటివ్ కడిగితేనే తెలుస్తుంది. అంటే లాబ్ రిపోర్టు వచ్చేదాకా సెట్ విప్పకూడదు, లైట్లు కదపకూడదు. అద్దె ఫ్లోర్లో ఇంత ఓపిక ఎవరు పడతారు? బార్ట్లే గారి గొప్పతనం గురించి రాసేటప్పుడు ఆయనకి ఆ తీరిక ఇచ్చిన ఏర్పాటు గురించి కూడా రాయండి.

రెండు భాషల షూటింగ్. మిస్సమ్మనే తీసుకుంటే, తమిళంలో మిస్సియమ్మ. రామారావు గారి పాత్రకి జెమినీ గణేశన్, నాగేశ్వరరావు గారి పాత్రకి తంగవేలు. సావిత్రి, ఎస్.వి. రంగారావు రెండింట్లోనూ ఉన్నారు. మాయాబజార్ తమిళంలో అభిమన్యుడు జెమినీ గణేశన్. కృష్ణుడిగా రామారావు గారే, ఘటోత్కచుడిగా రంగారావు గారే. ఇలా కలగలిసినప్పుడు వరస ఏమిటంటే, లైటింగ్ ఒకసారి పెట్టి తెలుగు టేకు ఓకే చేస్తారు, కెమెరా అక్కడే ఉంచి తమిళ నటుణ్ణి నిలబెట్టి తమిళ టేకు తీస్తారు. క్లాప్ బోర్డు మీద భాష గుర్తు వేసి, నెగెటివ్ డబ్బాలు విడివిడిగా పెట్టాలి. ఇది తప్పితే ఎడిటింగ్ గదిలో నరకం.

ముఖం కనపడని షాట్లు, రథాలు, కోటలు, జనసమూహాలు రెండు భాషలకీ పనికొస్తాయనుకుంటాం. కానీ ఒక నెగెటివ్ ముక్క ఒక సినిమాలోనే అతుకుతుంది. రెండోదానికి డూప్ నెగెటివ్ (నకలు) చేయించాలి, అందులో గింజ (గ్రెయిన్) పెరుగుతుంది, నలుపు తెలుపుల తేడా గరుకెక్కుతుంది. నాణ్యత కావాలంటే ఆ షాట్ కూడా రెండుసార్లు తీయాల్సిందే. పాటల్లో ఇంకో చిక్కు. బాణీ ఒకటే కాబట్టి తమిళ మాటలు అదే తూకంలో పడాలి, దగ్గరి షాట్లలో పెదవి కదలిక కుదరాలి.

ఇప్పుడు మిస్సమ్మలో కథానాయిక మార్పు ఎంత పెద్ద నిర్ణయమో అర్థమవుతుంది. మొదట భానుమతి గారితో కొన్ని రీళ్ళు తీసి, ఆపేసి, రెండో పాత్రకి అనుకున్న సావిత్రిని ముందుకి తెచ్చి, ఆ పాత్రకి జమునను తీసుకున్నారు. తీసిన ఫిల్ము వదులుకోవడం ఒక్కటే కాదు, కలిసి నటించినవాళ్ళందరి తేదీలూ మళ్ళీ కావాలి. నటులు సంస్థ మనుషులు కావడం వల్లే ఆ తేదీలు దొరికాయి.

ఎందుకు ఆగిందంటే, 1960లు గడిచేకొద్దీ పెద్ద నటులు ఒకేసారి పలు సంస్థలకి కాల్షీట్లు పంచి ఇవ్వసాగారు. నటుడు నెలకి ఐదారు రోజులే దొరికితే మిగతా సిబ్బందికి నెలజీతం ఇచ్చి ఏం చేయాలి? స్థిర వర్గం, తొందరలేని షూటింగ్, కాగితం మీద నెలల తరబడి చర్చ, ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డవి. ఒకటి పోయాక మిగతావి నిలవలేదు. రంగుల సినిమా వచ్చి ఫిల్ము, లైట్లు, లాబ్ ఖర్చులు పెంచింది. ఆ తర్వాత విజయా ఎక్కువగా అప్పటికే జనం మెచ్చిన కథల వైపు తిరిగింది. సురేష్ వారి రాముడు భీముడు (1964) హక్కులతో తమిళంలో ఎం.జి.ఆర్.తో ఎంగ వీట్టు పిళ్ళై (1965), హిందీలో దిలీప్ కుమార్‌తో రామ్ ఔర్ శ్యామ్ (1967). మూడింటికీ దర్శకుడు తాపీ చాణక్య. మలయాళ చట్టక్కారి నుంచి హిందీ జూలీ (1975). డబ్బు వచ్చింది. కానీ కథ గదిలో కొత్తగా పుట్టించే పని తగ్గిపోయింది, నా దృష్టిలో విజయా తెలుగు చరిత్ర 1962తో ఒక మలుపు తిరిగింది.

సీమ_రాతగాడు

చాలా విలువైన సమాచారం, అందరికీ ధన్యవాదాలు. ఒక చిన్న చిక్కు మిగిలింది. మాయాబజార్ నిడివి ఒకచోట 184 నిమిషాలు, టీవీ ప్రింటు చూస్తే 176 చిల్లర. కోసేశారా? పేజీ పక్కన బాక్సులో ఏది వేయాలి?

రీలు_లెక్క

కోతే అయి ఉండాలని లేదండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన దేశపు పాత టీవీ ప్రసారం సెకనుకి 25. టెలిసినీ, అంటే ఫిల్మును వీడియోకి మార్చడం, చేసేటప్పుడు ఫ్రేముకి ఫ్రేమే ఎక్కిస్తారు కాబట్టి సినిమా నాలుగు శాతం వేగంగా పరిగెడుతుంది. 184ని 24తో హెచ్చవేసి 25తో భాగించండి, 176.6 వస్తుంది. మీరు చూసిన తేడా సరిగ్గా అదే. పాటల శృతి కూడా అరస్వరంలో ముప్పావు వంతు దాకా పెరిగి వినిపిస్తుంది, ఘంటసాల గారి గొంతు సన్నబడినట్టు ఉంటే కారణం ఇదే, రికార్డింగ్ తప్పు కాదు.

నిజమైన కోతని పట్టుకోవాలంటే వీడియో నిమిషాలు కాదు, సెన్సార్ సర్టిఫికెట్ మీది పొడవు చూడాలి. పాతవాటిలో అడుగుల్లో, తర్వాతివాటిలో మీటర్లలో ఉంటుంది. అడుగులైతే 90తో, మీటర్లైతే 27.4తో భాగిస్తే నిమిషాలు. 184 నిమిషాలంటే దాదాపు 16,560 అడుగులు. రీలు మార్పు దగ్గర, అంటే ప్రతి పది పదకొండు నిమిషాలకి, మాటలో గానీ సంగీతంలో గానీ చిన్న గెంతు వినిపిస్తే అది అరిగిన ప్రింటు. రీలు మొదళ్ళు, చివరలే ముందుగా చిరుగుతాయి, ఆపరేటర్లు కత్తిరించి అతుకుతారు. ఒక పాట మొత్తంగా లేకపోతే మాత్రం అది కావాలని చేసిన కోత.

ఇంకో జాగ్రత్త. 2010 జనవరి 30న వచ్చిన రంగుల మాయాబజార్ వేరే ప్రతి. దాని నిడివిని 1957 సినిమాకి అంటగట్టకండి. బాక్సులో "184 నిమిషాలు, విడుదల 1957 మార్చి 27" చాలు.

తెనాలి_పాఠకుడు

పైవాళ్ళు చెప్పనివి రెండు కలుపుతాను.

ఒకటి, సత్య హరిశ్చంద్ర. 1965లో తెలుగులో రామారావు గారితో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చింది, సరిగా ఆడలేదు. అదే సంవత్సరం కన్నడలో రాజ్‌కుమార్‌తో వచ్చింది, దానికి దర్శకుడు హుణసూరు కృష్ణమూర్తి, అది బ్రహ్మాండంగా ఆడింది. రెండింటి వివరాలూ కలిపేసి "విజయా వారి ఘన విజయం" అని తెలుగుదానికి రాసిన వ్యాసాలు ఉన్నాయి.

రెండు, పత్రికల్ని విడిగా ఒక పేరాలో తోసేయకండి. చందమామ తెలుగు, తమిళం (అంబులిమామ) ఒకేసారి 1947 జులైలో మొదలయ్యాయి, మిస్సమ్మ, మిస్సియమ్మలకి ఎనిమిదేళ్ళ ముందు. ఒకే బొమ్మల దిమ్మలు, భాష మాత్రం మార్చి అచ్చేయడం. ఖరీదైన భాగం ఉమ్మడిగా, మాట విడిగా. స్టూడియోలో రెండు భాషల సినిమాకి ఆయన వాడిన ఆలోచన ఇదే, ముందు ప్రెస్‌లో నిరూపణ అయింది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980 దాకా చందమామ పని చూడటం, వడ్డాది పాపయ్య గారు, చిత్రా, శంకర్ లాంటి చిత్రకారులు ఏళ్ళ తరబడి అక్కడే ఉండటం కూడా సినిమా వైపు నెలజీతాల పద్ధతికి జంటే. సంస్థ మనిషి అనే మాట ఆ ఆవరణలో ఫ్లోర్‌కీ, పత్రిక ఆఫీసుకీ ఒకటే.

1966లో మొదలైన విజయచిత్ర పాత సంచికలు దొరికితే తెప్పించుకోండి. సొంత సంస్థ పత్రిక కాబట్టి పొగడ్తలు పక్కన పెట్టి చదవాలి గానీ, స్టిల్సు, సాంకేతికుల పేర్లు, షూటింగ్ కబుర్లు అందులో ఉన్నంత వివరంగా బయట తక్కువ. 1966కి ముందు సినిమాలకి ఆంధ్రపత్రిక, రూపవాణి చూడండి. విడుదల ప్రకటనల్లో కేంద్రాల పేర్లు, హాళ్ళ పేర్లు ఉంటాయి. వందరోజుల ప్రకటనలో ఏ ఊళ్ళు మిగిలాయో విడుదల ప్రకటనతో పోల్చుకుంటే సినిమా ఎక్కడ నిలిచిందో, ఎక్కడ పోయిందో తెలుస్తుంది. చంద్రహారానికీ, మిస్సమ్మకీ ఈ రెండు ప్రకటనలూ పక్కపక్కన వేస్తే మీ వ్యాసంలో ఒక పేజీ ఆదా అవుతుంది.